ఐదింటి కార్డు

దేదీప్య మా ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైంది. వాషింగ్ మెషీన్ మూత లోపల ఆమె అంటించిన కాగితం మాత్రం అలాగే ఉంది. ఒకటి, జేబులు వెతకాలి. రెండు, తెల్లబట్టలు వేరు చేయాలి. ఇలా పదకొండు వరసలు. పన్నెండేళ్లుగా ఆ మెషీన్ వాడుతున్నదాన్ని నేను, వాడటం నాకే నేర్పి వెళ్లింది. ఆ పిల్ల స్వభావమే అంత. తనకు తెలిసిన పని ఏదైనా సరే, ఇంకొకరికి అర్థమయ్యేలా రాసిపెట్టకపోతే తోచదు. ఆ గుణమే ఆమె కొంప ముంచింది. ముంచడంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

న్యూజెర్సీలోని ఐసెలిన్ ఊళ్లో మా మేడ మీది గదిలోకి ఆమె కిందటేడు ఫిబ్రవరిలో అద్దెకు వచ్చింది. కొత్తగూడెం అమ్మాయి, ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇక్కడ మిస్సోరిలో మాస్టర్స్ ముగించి, న్యూజెర్సీలో పని దొరికిందని రెండు సూట్‌కేసులతో దిగింది. ఆగస్టు చివర్న ఆ కంపెనీ వాళ్లు ప్రాజెక్టు మూసేశారు. చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అన్న ఏడాది అనుమతిలో, పని లేకుండా ఉండగలిగేది మొత్తం తొంభై రోజులే. దానికి మించితే దేశం విడిచి వెళ్లాలి. ఆ పిల్ల ఫ్రిజ్ మీద క్యాలెండర్ పెట్టి రోజుకొకటి కొట్టేసేది. పాలు తీసుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఆ గీతలే కనిపించేవి.

"జీతం లేకున్నా పర్లేదట ఆంటీ," అంది ఒకరోజు. "వారానికి ఇరవై గంటలు ఎక్కడైనా వాలంటీర్ చేస్తే చాలు, కౌంట్ ఆగిపోతది. మా డేటా ఫీల్డ్‌కి సంబంధం ఉండాలె. లెటర్ ఇయ్యాలె."

నేను వెంటనే మా స్టేషన్ అన్నాను. ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు.

మా స్టేషన్ అంటే నాది కాదు. పక్క ఊళ్లో పాత బ్యాంకు భవనం రెండో అంతస్తులో ఉన్న చిన్న జాజ్ రేడియో. జాజ్ మీద ప్రేమతో నేను అక్కడికి వెళ్లలేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నా కారు రేడియో బటన్ విరిగి, ఆ స్టేషన్ దగ్గరే బిగుసుకుపోయింది. బాగుచేయించడానికి బద్ధకించాను. మొదటి నెల ఒళ్లు మండేది. ఆరో నెలకి, సాక్సఫోన్ వాయించే ఆయనెవరో మనవాళ్లు రాగం తీసినట్టే తీస్తుంటే, పార్కింగ్‌లో కారు ఆపి పాట అయ్యేదాకా కూర్చున్నాను. రిటైరయ్యాక మంగళ, గురువారాలు అక్కడ ఫోన్లు ఎత్తుతాను, సీడీలు సర్దుతాను. భవనం తాళంచెవి కూడా ఒకటి నా దగ్గర ఉంటుంది.

మేనేజరు కర్ట్ మర్యాదస్తుడు. దేదీప్యతో పది నిమిషాలు మాట్లాడి లెటర్ ఇచ్చాడు. ఆ సాయంత్రం ఆమె క్యాలెండర్ మీద గీతలు కొట్టడం ఆపింది. ఓపీటీ జనవరి పదిహేనుతో ముగుస్తుంది. ఈలోగా జీతమిచ్చే ఉద్యోగం ఒకటి కాగితం మీద దొరికితే ఇంకో రెండేళ్లు ఉండొచ్చు. దొరక్కపోతే లేదు. ఆమెకు కావలసింది ఆ కాగితం ఒక్కటే.

స్టేషన్‌లో ఆమెను ఎర్లీన్ పక్కన కూర్చోబెట్టారు. ఎర్లీన్‌కి డెబ్బై నాలుగేళ్లు. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, పొడవు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఏ గంటకి ఏ పాట వెళ్లాలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడే నిర్ణయిస్తోంది. జీతం సగం రోజుకే, పని మాత్రం రోజంతా. ఆవిడ కంప్యూటరు ముట్టదు. వంటల కార్డులు పెట్టుకునే రేకు డబ్బా ఒకటుంది, అందులో రూళ్ల కార్డుల మీద ఆవిడ నియమాలన్నీ ఉంటాయి.

ఆ కార్డుల్లో సగం డిసెంబరువే. క్రిస్మస్ పండగ పాటలంటే తీసి వేసేయడమే కదా అనుకునేదాన్ని నేను. కాదు. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ మర్నాటి నుంచి ఐదు పాటలకొకటి పండగది. పదిహేనో తారీఖు నుంచి మూడింటికొకటి. ఇరవై నాలుగు మధ్యాహ్నం నుంచి అన్నీ అవే. మంచు పాట ఒక్కటే నలభై మంది నలభై రకాలుగా పాడి ఉంటారు, ఎవరిదైనా సరే ఆరు గంటల్లోపు మళ్లీ రాకూడదు. ఇద్దరు గాయకులు పక్కపక్కన పడకూడదు. నెమ్మది పాటలు వరసగా మూడుకు మించకూడదు. ఉదయం ఏడుకు ముందు మువ్వల చప్పుడు ఉండకూడదు, జనం కాఫీ తాగాలి కదా అని ఆ కార్డు కింద ఎర్లీన్ రాసుకుంది.

దేదీప్యకి అక్టోబరులో జాజ్ అంటే ఏమీ తెలియదు. నవంబరు మధ్యకొచ్చేసరికి, అన్నం తింటూ, డ్రమ్ము మీద బ్రష్షుతో రాస్తున్నారా పుల్లతో కొడుతున్నారా చెప్పేది. ఎర్లీన్ ఆమె చేత కళ్లు మూయించి వినిపించేదట. ఈమె గురువారాలు పులిహోర పట్టుకెళ్లేది, అందులో వేరుశనగలన్నీ ఎర్లీన్ ఏరుకుని తినేది. నేను ఫోన్ల గదిలోంచి చూసేదాన్ని. ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే చోట ఒకేసారి తలలూపేవాళ్లు. ఆగస్టు తర్వాత ఆ పిల్ల మొహంలో కాస్త కళ చూసింది నేను అప్పుడే.

కార్డులన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, నెల మొత్తం పాటల జాబితా దానంతట అదే తయారయ్యేలా ఆమె ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. ఎర్లీన్ డబ్బా తీసి చేతిలో పెట్టేసింది. "రాసుకో. నా చేతిరాత చదవగలిగే మనిషి ఇన్నాళ్లకి దొరికింది," అంది. కర్ట్ రెండుసార్లు వచ్చి భుజం మీదుగా చూశాడు. మూడోసారి, "ఇది పనిచేస్తే జనవరిలో ఒక ఉద్యోగం ఉండే అవకాశం ఉంది," అన్నాడు.

ఉండే అవకాశం ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నదాన్ని, ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఆ పిల్లకి ఉద్యోగం అన్నదొక్కటే వినపడింది. ఇంటికొచ్చి మెట్ల మీదే నన్ను కౌగిలించుకుంది. సంతోషంగా ఉన్న మనిషికి చల్లటి మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

డిసెంబరు మొదటివారంలో కర్ట్ ఆమెను ఇంకొకటి అడిగాడు. ఎలా చేశావో రాసిపెట్టు అన్నాడు. ఈమె హైదరాబాదు కంపెనీలో పెరిగిన పిల్ల. అక్కడ కేటీ డాక్యుమెంట్ అంటారట, పని చేతులు మారేటప్పుడు రాసిచ్చే పుస్తకం. అది ఎంత బాగా రాస్తే అంత మంచి ఉద్యోగి అని అక్కడ లెక్క. నలభై రెండు పేజీలు రాసింది, ప్రతి పేజీలో బొమ్మలు, బాణం గుర్తులు. నాకు చూపించి, "జాజ్ ఒక్కసారి కూడా విననోళ్లు కూడా దీన్ని చూస్కుంట నడిపియ్యొచ్చు ఆంటీ," అంది.

నేను మెచ్చుకున్నాను. ఎంత శ్రద్ధ తల్లీ అన్నాను.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. కర్ట్‌కి జాబితా చూపించాల్సిన రోజు పొద్దున, ఆమె వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తెరంతా పచ్చగా ఉంది, ఒక్కచోట ఎర్రగా ఉంది.

"ఒక్క ఎర్రర్ వస్తున్నది. క్రిస్మస్ రోజు సాయంత్రం ఐదు నుంచి ఆరు. ఈ కార్డుకి వేరే కార్డుకి కుదుర్తలేదు."

కార్డు నేను చూశాను. మిగతావాటికన్నా పాతది, అంచులు నలిగి ఉన్నాయి. వాయిద్యాలు మాత్రమే, అన్నీ నెమ్మదివి. మువ్వలొద్దు, పిల్లల కోరస్ వద్దు, చప్పట్లొద్దు. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు. కింద కారణం ఏమీ రాసి లేదు. గంటసేపు నెమ్మది పాటలంటే, మూడుకు మించొద్దన్న ఎర్లీన్ నియమమే తప్పుతుంది.

"ఎర్లీన్‌ని అడగాలె. ఇయ్యాల ఆమె రాదు, కళ్ల డాక్టర్ దగ్గరికి పోయింది. కర్ట్‌కి పదింటికి చూపియ్యాలె."

"తీసెయ్యవే," అన్నాను నేను. "పండగ పూట ఆ టైమ్‌లో రేడియో ఎవరు వింటారు? అందరూ తిని, కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు."

నా సంగతి చెప్పాను నేను. ప్రతి క్రిస్మస్‌కీ మా అమ్మాయి అదితి ఇంట్లో మనవలతో ఉంటాను కాబట్టి, లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. ఆమె తీసేసింది. ఎర్రటిది పచ్చగా మారింది. తర్వాత ఎర్లీన్‌ని అడగడం ఇద్దరం మరిచిపోయాం.

డిసెంబరు పదహారు, మంగళవారం, నేను ఫోన్ల గదిలో ఉండగా, ఎర్లీన్ కర్ట్ గదిలోకి వెళ్లి పావుగంటలో బయటికొచ్చింది. కోటు వేసుకుంది. బల్ల మీది అద్దాల పెట్టె, చేతి క్రీము సంచిలో వేసుకుంది. రేకు డబ్బా మాత్రం అక్కడే వదిలేసింది. జాబితా దానంతట అదే వస్తోంది కాబట్టి ఏడాది చివరితో ఆవిడ ఉద్యోగం తీసేశారట. ఈ ఏడాది పండగ పూట ఎవరూ స్టేషన్‌కి రానక్కరలేదని, అందరూ ఇళ్లలో హాయిగా ఉండొచ్చని కర్ట్ సంతోషంగానే చెప్పాడట. ముప్పై ఒక్క ఏళ్లుగా క్రిస్మస్ మధ్యాహ్నం నుంచి ఆరు దాకా ఆ స్టూడియోలో కూర్చున్నది ఎర్లీనే. ఆవిడకి ఇంట్లో ఎవరూ లేరు.

దేదీప్య వెనకాలే పరుగెత్తింది. కిటికీలోంచి నాకు పార్కింగ్ కనిపిస్తోంది, మాటలు వినపడలేదు. తర్వాత కారులో నాకు చెప్పింది.

"సారీ చెప్పిన ఆంటీ. నా తప్పేనా అని అడిగిన."

"ఏమంది?"

"నీ తప్పు కాదని అనను, నీ ఒక్కదాని తప్పు మాత్రం కాదు అన్నది. చలిలో నిలబడకు, లోపలికి పో అన్నది."

రెండు రోజులకి, గురువారం. దేదీప్య కర్ట్ గదికి వెళ్లి తన ఉద్యోగం సంగతి అడిగింది. తలుపు తీసే ఉంది, ఈసారి నాకు ప్రతి మాటా వినపడింది.

"నీ డాక్యుమెంట్ రెండుసార్లు చదివాను," అన్నాడు కర్ట్. "ఇంత శుభ్రంగా రాసింది నేనెప్పుడూ చూడలేదు. దాన్ని చూసుకుని ఏ వాలంటీరైనా వారానికి రెండు గంటల్లో పని ముగించేయొచ్చు. మరి నీకు జీతమిచ్చి ఏం పని చెప్పమంటావు?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

"రికమెండేషన్ లెటర్ మాత్రం చాలా బాగా రాస్తాను," అన్నాడు.

ఆమె థాంక్యూ చెప్పింది. లేచి వెళ్లి ఆ మనిషిని నాలుగు దులుపుదామనుకున్నాను. ఏ తప్పు చూపించి దులపను? ఉండే అవకాశం ఉందన్నాడు, లేకపోయింది. అబద్ధం కూడా ఆడలేదు.

ఇంటికొస్తూ ఒడిలో రేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. "నేను పనికొస్తనని చూపియ్యాలె అనుకున్న ఆంటీ. నేను లేకున్నా నడుస్తదని చూపిచ్చిన."

ఆ రోజుతో స్టేషన్‌కి వెళ్లడం మానేసింది. ఆ తర్వాత వారం ఆమె నలభై చోట్లకి దరఖాస్తులు పెట్టి ఉంటుంది. సెలవుల్లో ఎవరు చూస్తారు? ఆఫీసులో లేము, జనవరిలో మాట్లాడదాం అని యంత్రాలు పంపే జవాబులు వచ్చేవి. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఉలిక్కిపడి చూసేది. కొన్నాళ్లకి ఫోన్‌ని బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టడం మొదలుపెట్టింది.

క్రిస్మస్ రోజు అదితి ఇంటికి రమ్మని ఎంతో బతిమాలాను.

"వద్దాంటీ. వచ్చినోళ్లందరు అడుగుతరు, ఎక్కడ చేస్తున్నవ్, వీసా స్టేటస్ ఏంది అని. ఇయ్యాల ఒక్కరోజు ఆ మాట చెప్పుడు నాతోని కాదు."

సరే అని వదిలేసి వెళ్లాను. పులావు తిన్నాను, మనవలతో ఫొటోలు దిగాను. ఒక డబ్బాలో ఆమెకి సర్దించుకుని నాలుగున్నరకి బయల్దేరాను. ముసురు పట్టింది. అప్పటికే చీకటి పడుతోంది. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ లైట్లు, వరసగా కార్లు. మా ఇంట్లో దీపం లేదు.

వంటింట్లో రేడియో మోగుతోంది. ఆమె జాకెట్ విప్పకుండా, బల్ల దగ్గర చీకట్లో కూర్చుని ఉంది. నేను లైటు వేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవటం లేదు. అంతకన్నా అన్యాయంగా ఉంది మొహం.

"తిన్నావా?"

"ఆకలైతలేదు. ఎవలతోని మాట్లాడలె పొద్దటి నుంచి. మీరే ఫస్ట్."

సరిగ్గా ఐదైంది. రేడియోలో మువ్వలు మోగాయి. వెంటనే ఇరవై మంది వాయిద్యగాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు, పిల్లలు కేరింతలు కొడుతూ పాట ఎత్తుకున్నారు, వెనక జనం తాళానికి చప్పట్లు. ఏ విందులోనో అయితే ఎంతో బాగుండే పాట. ఆ వంటింట్లో, ఆ పిల్ల ఎదురుగా, అది భరించలేకపోయాను. కట్టేద్దామని చెయ్యి చాపాను.

"వద్దు," అంది. లేచి నిలబడింది. రేకు డబ్బా తెరిచి ఆ నలిగిన కార్డు తీసింది. చదవలేదు, ఊరికే పట్టుకుంది. "నా అసుంటోళ్ల కోసం పెట్టింది ఆంటీ ఆమె. పొద్దంతా ఎట్లనో గడుపుతరు. ఈ టైమ్‌కి ఇగ వాళ్లతోని కాదు. నేను ఎర్రర్ అని తీసేసిన."

"నేనే తీసెయ్యమన్నాను."

"కారు తియ్యండి. తాళంచెవి మీ దగ్గర ఉన్నది కదా."

వానలో పది నిమిషాల దారి. కారు రేడియోలో రెండో పాట కూడా మువ్వలదే. ఆమె కాళ్లు ఆడిస్తూ, వేగంగా పోనివ్వమని కూడా అనకుండా, ముందుకు చూస్తూ కూర్చుంది.

భవనమంతా ఖాళీ. స్టూడియోలో తెర ఒక్కటే వెలుగుతోంది, దాని మీద ఆమె తయారుచేసిన జాబితా వరస తప్పకుండా కదులుతోంది. ఆమె పాస్‌వర్డ్ కొట్టింది. తీసుకోలేదు. మళ్లీ కొట్టింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"పేజీ ముప్పై ఎనిమిది," అంది. "వాలంటీర్ వెళ్లిపోతే అదే రోజు అకౌంట్ క్లోజ్ చేయాలె. నేనే రాసిన."

"వైరు పీకెయ్యనా?" నిజంగానే అడిగాను.

"రెండు నిమిషాలు సైలెన్స్ వస్తే బ్యాకప్ మొదలైతది. అది కూడా నేనే పెట్టిన. అందుల ఇంకా ఎక్కువ ఉన్నయి మువ్వలు."

కర్ట్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పండగ పూట హాయిగా ఉన్నట్టున్నాడు. అప్పుడు చూశాను, పక్క నా గదిలో ఫోన్ దీపాలు మూడూ మినుకుమంటున్నాయి. మంగళవారాలు గంటకొక ఫోన్ వస్తే గొప్ప మాకు. ఆమె వెళ్లి నా కుర్చీలో కూర్చుని స్పీకర్ నొక్కింది.

ఒక ముసలాయన. ఐదింటి పాటలు ఏవీ అని అడిగాడు. అవి వేసే ఆవిడ బాగానే ఉందా అని అడిగాడు. దేదీప్య సారీ చెప్పింది. తర్వాత ఎవరో నర్సు, డ్యూటీకి వెళ్తూ కారులోంచి చేసింది, ఏటా వింటానంది. దేదీప్య సారీ చెప్పింది. ఒకాయన ఏమీ అడగలేదు, స్టేషన్ మారిపోయిందా అనుకున్నాను అని పెట్టేశాడు. అరగంటలో పదకొండు మంది. ఏడాదంతా ఒక్కసారి కూడా ఫోన్ చేయని వాళ్లు. వాళ్లంతా ఉన్నారని ఎర్లీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెరలో కూడా ఎక్కడా లేరు.

ఆరుకి ఐదు నిమిషాలుండగా మళ్లీ దీపం వెలిగింది. దేదీప్య నొక్కింది.

"హలో," అంది అవతలి గొంతు. ఎర్లీన్. గుర్తుపట్టి నేను చటుక్కున లేచాను.

"ఫోన్ ఎవరూ ఎత్తరనుకున్నాను," అంది. "ఫిర్యాదు కాదు. ఊరికే చేశాను. ముప్పై ఒక్క ఏళ్లు ఈ గంట నేను వేరేవాళ్ల కోసం పెట్టాను. నేనెప్పుడూ వినలేదు, పనిలో ఉండేదాన్ని కదా. ఈసారి ఇంట్లో కూర్చుని వినొచ్చనుకున్నాను. కుర్చీ కూడా రేడియో దగ్గరికి జరుపుకున్నాను."

దేదీప్య చేతిలో కార్డు నలిగిపోతోంది.

"ఎవరు మాట్లాడేది?" అంది ఎర్లీన్.

పది వారాలు పక్కన కూర్చున్న మనిషి. ఈమె గొంతు వింటే చాలు, ఎర్లీన్ గుర్తుపడుతుంది. ఆ పిల్లకీ ఆ సంగతి తెలుసు. పేరు చెప్పడానికి ప్రయత్నించింది, నేను చూశాను. చెప్పలేకపోయింది.

"వాలంటీర్," అంది.

ఎర్లీన్ ఇంట్లో రేడియోలోంచి మువ్వలు, మా గోడ అవతలి నుంచి అవే మువ్వలు, ఒక్క క్షణం తేడాతో వినపడ్డాయి.

"సరేనమ్మా," అంది ఎర్లీన్. "పొద్దుపోయింది. ఇంటికెళ్లు."

ఫోన్ పెట్టేసింది. ఆరింటికి వార్తలు మొదలయ్యాయి.